మన రాజ్యాంగం: ఓటరూ, పౌరుడూ

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగాన్ని స్తుతించేవారు సాధారణంగా పీఠిక దగ్గరే ఆగిపోతారు; నిందించేవారు అది 1935 చట్టానికి నకలని తేల్చి పారేస్తారు. ఈ రెండూ విమర్శ కావు. ఏ గ్రంథాన్నైనా అందులోని వైరుధ్యాలను పట్టుకుని చదవాలి. ఈ గ్రంథంలోని ముఖ్య వైరుధ్యం ఇది: అది ఓటరును నమ్మింది, పౌరుణ్ణి పూర్తిగా నమ్మలేకపోయింది.

మొదట దాని బలం చూద్దాం. రాజ్యాంగ పరిషత్తు వయోజన ఓటుతో ఏర్పడింది కాదు. ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్న కొద్దిమంది ఓట్లతో 1946లో ఏర్పడిన రాష్ట్ర శాసనసభలు దాని సభ్యుల్ని ఎన్నుకున్నాయి. అటువంటి సభ 326వ అధికరణం ద్వారా 21 ఏళ్లు నిండిన స్త్రీ పురుషులందరికీ ఓటు హక్కు ఇచ్చింది. 1951 జనాభా లెక్కల్లో అక్షరాస్యులు నూటికి సుమారు 18 మందే. అయినా చదువు రానివారికి ఓటెందుకన్న వాదాన్ని సభ అంగీకరించలేదు. ఇది పాలకుల దయ కాదు. దశాబ్దాల ప్రజా ఉద్యమాల ఫలితం. 1952లో, హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ నిషేధంలో వుండగానే, పి.డి.ఎఫ్. అభ్యర్థి రావి నారాయణరెడ్డిని నల్లగొండ ప్రజలు దేశంలోకెల్లా అత్యధిక ఓట్లతో లోకసభకు పంపగలగడం ఆ బలానికి నిదర్శనం.

ఇక బలహీనత. ఆస్తి హక్కుకు కోర్టు రక్షణ కల్పించి, పని హక్కును ఆదేశిక సూత్రాల్లోకి నెట్టిన సంగతి అందరూ ఎరిగిందే. అంతగా చర్చకు రానిది 22వ అధికరణం. విచారణ లేకుండా మనిషిని నిర్బంధించే అధికారానికి ప్రాథమిక హక్కుల అధ్యాయంలోనే చోటు దొరికింది. సలహా మండలి ముందుకు పోకుండా మూడు నెలల వరకు నిర్బంధించవచ్చు. రాజ్యాంగం వచ్చి నెల తిరగగానే, 1950 ఫిబ్రవరిలో, ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో నిర్బంధంలో వున్న ఏ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1950 మే 19న కోర్టు 14వ సెక్షనును మాత్రం కొట్టివేసి, తక్కిన చట్టాన్ని నిలబెట్టింది. శాసనసభ చేసిన పద్ధతి న్యాయమైనదా కాదా అన్నది తాను చూడనక్కరలేదని మెజారిటీ భావించింది. జస్టిస్ ఫజల్ అలీ అంగీకరించలేదు. విచిత్రమేమంటే, విచారణ లేకుండా జైలులో వుంచిన ఆ గోపాలన్‌నే, 1952లో ఈ రాజ్యాంగమిచ్చిన ఓటు లోకసభకు పంపింది.

1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు, పద్ధతి న్యాయంగానూ సమంజసంగానూ వుండాలన్నది. అదే ఏడాది 44వ సవరణ మూడు నెలల గడువును రెండుకు తగ్గించింది. కాని ఆ భాగాన్ని అమలులోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం రాలేదు. ఎమర్జెన్సీలో జైళ్లు చూసివచ్చిన నాయకుల ప్రభుత్వమూ ఆ పని చేయలేదు. తర్వాతి ప్రభుత్వాలూ చేయలేదు. 1980లో జాతీయ భద్రతా చట్టం మాత్రం వచ్చింది.

కాబట్టి లోపం అక్షరాల్లోనే లేదు. ప్రతిపక్షంలో వుండగా నిర్బంధాన్ని ఖండించి, గద్దె ఎక్కగానే దానిని దాచి వుంచుకునే పాలకుల అలవాటులోనూ వుంది. ఆ అలవాటును మాన్పించడానికి ప్రజల చేతిలో వున్న సాధనం ఈ రాజ్యాంగమే ఇచ్చిన ఓటు. రాజ్యాంగాన్ని పాఠంగా చెప్పే ఉపాధ్యాయుడు 326తోపాటు 22నూ చదివించాలి.