బ్రాకెట్ బయట రెండు

ఎదురింటి పదో తరగతి అమ్మాయి నోటుబుక్కు తెచ్చి, "తాతయ్యా, మా సారు దీన్ని కొట్టేశారు, చూడరా?" అంది. కాల్షియం క్లోరైట్‌కి సీఏసీఎల్‌ఓ22 అని రాసింది. క్లోరిన్ ఒకటి, ఆక్సిజన్లు ఇరవై రెండు! కాల్షియం చార్జి ప్లస్ 2, క్లోరైట్‌ది మైనస్ 1, కాబట్టి క్లోరైట్లు రెండు కావాలని లెక్క సరిగ్గానే కట్టింది. సీఎల్‌ఓ2ని బ్రాకెట్లో పెట్టి, దాని బయట 2 వేయాలి. అది ఎగ్గొట్టింది.

బట్టీ వద్దు, చార్జి చూసి రాయండని నేను ఎప్పుడూ పాడే పాట ఒకటుంది. మళ్లీ ఎత్తుకోబోయాను గానీ మనసు బ్లీచింగ్ మీదికి పోయింది.

2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్ రోడ్డు మునిగింది గుర్తుందిగా. నీళ్లు తీశాక ఎక్కడ చూసినా బ్లీచింగే. మూత తీస్తే ముక్కు అదిరిపోయేది. నేను కొన్న డబ్బాకి కొట్టువాడిచ్చిన చీటీ మీద 'కాల్షియం క్లోరైట్' అని ఉంది. 'హైపో' ఎగిరిపోయింది! అది పోతే క్లోరిన్‌కి ఒకటే ఉండాల్సిన ఆక్సిజన్ రెండవుతుంది, సరుకే మారిపోతుంది. బ్లీచింగ్ అంటే తడిలేని సున్నం మీదికి క్లోరిన్ పంపితే వచ్చేది. పాఠంలో సీఏఓసీఎల్2 అని ఉంటుంది. విప్పి చూస్తే ఒక క్లోరైడూ, ఒక హైపోక్లోరైటూ ఒకే కాల్షియం పంచన చేరి ఉంటాయి. క్లోరైట్‌ది వేరే కొలువు. సోడియం క్లోరైట్‌తో బట్ట తెల్లబరుస్తారు, నీటిశుద్ధికి క్లోరిన్ డయాక్సైడ్ తీస్తారు. ఇంకో ఆక్సిజన్ చేరి క్లోరేట్ అయితే పేలుడు సరుకులోకి పోతుంది. 1788లో ఫ్రాన్స్‌లో రసాయన శాస్త్రవేత్త బెర్తొలే పొటాషియం క్లోరేట్‌తో తుపాకిమందు చేయించబోతే, ఎస్సోన్ మిల్లు పేలి మనుషులు పోయారు.

సరే, పిల్ల దగ్గరికొస్తే, నా చార్జి పాట ఇక్కడ పనికొస్తుందా? క్లోరైడ్, హైపోక్లోరైట్, క్లోరైట్, క్లోరేట్, పెర్‌క్లోరేట్: అయిదింటికీ చార్జి మైనస్ ఒకటే. ఆక్సిజన్లు మాత్రం సున్నా నుంచి నాలుగు దాకా. ఎవరికెన్నో చార్జి చెప్పదు. పోనీ 'ఐట్' అంటే రెండు అనుకుందామా? సల్ఫైట్‌కి మూడున్నాయి. 'ఏట్' కంటే ఒకటి తక్కువ, అంతే. మరి ఆ 'ఏట్'కి ఎన్నో? క్లోరేట్‌కి మూడు, సల్ఫేట్‌కి నాలుగు, నైట్రేట్‌కి మూడు. ఇవి పదో తరగతి పిల్లకి ఏ లెక్కలోనూ తేలవు, ఎక్కాల్లాగా నోటికి రావాల్సిందే.

రేపట్నుంచి ఆ అమ్మాయిచేత ముందు 'ఏట్'లు వల్లె వేయిస్తాను. బ్రాకెట్ సంగతి ఒక పూటలో తేలుతుంది.