అమ్మేసిన కారు ఇంటికొచ్చాక

బ్రిటన్‌లో కారుకు మొదట ఏ నంబరు ఇస్తారో మామూలుగా అది తుక్కులో కలిసేదాకా అదే నంబరు. యజమాని మారినా, ఊరు మారినా ప్లేటు మారదు. పిల్లలు పుట్టాక రెండు సీట్ల ఎంజీబీ స్పోర్ట్స్ కారును అమ్మేసి, నలుగురు పట్టే కారు కొనుక్కున్న ఇళ్లు అక్కడ ఎన్నో. ఆ పిల్లలు పెద్దయ్యాక పాత ఆల్బంలో నాన్న పక్కన నిలబడ్డ కారు ఫొటో చూసి, నంబరు చదివి, దాన్ని వెతకగలుగుతున్నారంటే కారణం ఇదే. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే కారు ఇంకా లెక్కల్లో ఉందో లేదో తెలుస్తుంది. ఈమధ్యకాలంలో ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లి ఉంటే, ఎన్ని మైళ్లు తిరిగిందో, ఎక్కడ తుప్పు పట్టిందని రాశారో కూడా కనిపిస్తుంది. యజమాని పేరు మాత్రం చూపించదు. అక్కణ్నుంచి ఎంజీ కార్ క్లబ్ లాంటి పాత సంఘాల్లోని మనుషులే దారి. ఇక గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఫ్యాక్టరీ చిట్టాలు భద్రంగా ఉన్నాయి. ఛాసిస్ నంబరు పంపితే తయారైన తేదీ, మొదటి రంగు, ఇంజన్ నంబరు రాసి ధ్రువపత్రం ఇస్తారు. నాన్న ఎర్ర కారు పుట్టుకతో ఆకుపచ్చదని అప్పుడు తెలియవచ్చు.

1962 నుంచి 1980 దాకా ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్ ఫ్యాక్టరీలో ఎంజీబీ కార్లు, కప్పున్న జీటీ రకంతో కలిపి, ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. మన రోడ్ల మీద హెక్టర్ ముందు కనిపించే ఎనిమిది మూలల ఎంజీ బిళ్ల అప్పుడు దీని మీద ఉండేది. కోటీశ్వరుల కారు కాదిది. నెలజీతగాడు కాస్త సాహసించి కొనుక్కోగలిగిన స్పోర్ట్స్ కారు. అందుకే ఇన్ని ఇళ్ల జ్ఞాపకాల్లో ఉంది.

దొరికిన కారును చూడగానే మనసు కరుగుతుంది. సరిగ్గా అప్పుడే మోకాళ్ల మీద కూర్చుని కిందికి చూడాలి. అంతకు ముందు వచ్చిన ఎంజీఏకి విడిగా ఛాసిస్ ఉండేది, ఎంజీబీకి లేదు. పైకప్పు లేని ఈ కారు బరువునంతా మోసే వాటిలో ముఖ్యమైనది తలుపుల కింద పొడవునా సాగే సిల్. అది ఒక రేకు కాదు, లోపలి రేకు, బయటి రేకు, వాటి మధ్య నిలువు రేకు కలిసిన పెట్టె. చలికాలంలో బ్రిటిష్ రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ పెట్టెలోకి చేరి లోపలినుంచి తినేస్తుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. కారును జాకీ మీద లేపి తలుపు తెరిచి చూడాలి. తలుపు పట్టేసినా, పై అంచు దగ్గర సందు తగ్గినా నడుం విరిగిందనే అర్థం.

దీన్ని బాగుచేయడంలోనే అసలు పనితనం ఉంది. తుప్పు రేకు మీద కొత్త రేకు అతికించి లప్పం పూసి అమ్మేసిన కార్లు కొల్లలు. సరైన పద్ధతి వేరు. ముందు కారును సమంగా నిలబెట్టి, తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కమ్ములు బిగిస్తారు. ఒకసారికి ఒక్క వైపే కోస్తారు. రెండూ కోస్తే బాడీ మధ్యలో కుంగిపోతుంది. సిల్ రెండు చివరలూ చక్రాలను కప్పే రెక్కల వెనక దాగి ఉంటాయి కాబట్టి ముందు రెక్క విప్పాలి, వెనక రెక్క అడుగుభాగం కోయాలి. కొత్త రేకు పెట్టాక వెంటనే వెల్డింగ్ చేయరు. తలుపు తగిలించి, మూసి, సందు చూసి, జరిపి, మళ్లీ మూసి చూస్తారు. సందు కుదిరాకే వెల్డింగ్. అతుకుల మీద పాత కాలపు పనివాళ్లు లప్పానికి బదులు సీసం వాడతారు. రేకుకు తగరం పూత పట్టించి, మంటతో సీసం కడ్డీని వెన్నలా మెత్తబరిచి, కొవ్వు రాసిన చెక్క గరిటెతో పరుస్తారు. తర్వాత ఆకురాయితో సాపు చేస్తారు. సీసం ధూళి విషం కనుక ఉప్పుకాగితం ముట్టరు. నాసిరకం లప్పం తేమ పీల్చుకుని లేచిపోతుంది, సీసం రేకుతో కలిసిపోతుంది.

ఇంత కష్టం దేనికి, కొత్త బాడీయే కొనొచ్చు కదా అనేవాళ్లున్నారు. నిజమే, పాత అచ్చులతోనే కొత్త ఎంజీబీ బాడీలను బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి తయారుచేస్తోంది. అవి రాకపోతే ఎన్నో కార్లు ఈపాటికి లేకుండా పోయేవి. కానీ ఇంటి కారు విషయంలో, రేకు ఏమాత్రం మిగిలున్నా పాత బాడీనే నిలబెట్టాలంటాను. ఖర్చు లెక్క చూస్తే ఇది ఎలాగూ కుదిరే బేరం కాదు. పూర్తిగా బాగుచేయించడానికి పెట్టిన డబ్బు, అమ్మితే వచ్చే ధరను తరచూ మించిపోతుంది. లాభం కోసం కానప్పుడు తొందరేముంది?

ఇంజన్ దగ్గర మనవాళ్లకు చుట్టరికం ఉంది. అంబాసిడర్లలో దశాబ్దాలు తిరిగిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజన్ ఒకే బీఎంసీ బి-సిరీస్ సంతతి. విజయవాడలోనో వరంగల్‌లోనో అంబాసిడర్ టాపెట్లు సరిచేసిన మెకానిక్‌కి ఈ బానెట్ కింద తెలియనిది తక్కువ. కొత్తగా కనిపించేది జంట ఎస్‌యూ కార్బొరేటర్లు. రెంటినీ సమం చేయడానికి ఒక్కో గాలి ద్వారం దగ్గర రబ్బరు గొట్టం పెట్టి చెవితో వింటారు, బుస రెంటిలో ఒకేలా ఉండాలి. తర్వాత పిస్టన్‌ను కొద్దిగా పైకెత్తుతారు. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువైనట్టు, పడిపోతే తక్కువైనట్టు. ఒక్క క్షణం పెరిగి మామూలు స్థితికొస్తే సరిపోయినట్టు. ఇక ఈ కాలానికి తప్పనిసరి మార్పులు కొన్ని. సీసం లేని పెట్రోల్‌కు తట్టుకునే గట్టి వాల్వ్ సీట్లు వేయించాలి, ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది కాబట్టి అవీ మార్చాలి. బ్రేకు పైపుల సంగతి చెప్పక్కర్లేదు.

బరువు మోసేదీ, బ్రేకు వేసేదీ, మంట అంటుకోగలదీ నిర్మొహమాటంగా కొత్తది వేయాలి. ఇంటివాళ్ల చేతులు తాకినవి మాత్రం వీలైనంత వరకు వదిలేయాలి. మామూలు వర్క్‌షాపు పద్ధతి దీనికి తలకిందులు. సీట్లు కొత్త తోలుతో మెరిసిపోతాయి, సిల్‌లో తుప్పు అలాగే ఉంటుంది. నాన్న కూర్చుని కూర్చుని పగిలిన సీటు తోలుకు నూనె పట్టించి, అడుగునుంచి గుడ్డ అతికించి ఇంకొన్నేళ్లు నిలబెట్టవచ్చు. అరిగి నునుపెక్కిన స్టీరింగు, ఎవరి ఉంగరమో గీసిన తలుపు పిడి మార్కెట్లో దొరకవు. రంగు వేయక తప్పకపోతే డ్యాష్‌బోర్డు వెనక, తర్వాతి పెయింటర్ల తుపాకీ చేరని మూలలో, మొదటి రంగు దొరుకుతుంది. దాన్ని చూసి కలపాలి. ఇక్కడో చిక్కు. ఫ్యాక్టరీ రంగు వేయాలా, నాన్న వేయించిన రంగా? చిట్టా ఆకుపచ్చ అన్నా, ఇల్లు ఎరుపును గుర్తుంచుకుంటే నా ఓటు ఎరుపుకే.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ కూడా కొత్తగా మెరిపించడం కన్నా ఉన్నదాన్ని కాపాడటానికే మొగ్గు చూపుతుంది. చేసిన ప్రతి పనినీ రాసిపెట్టమంటుంది. అందుకే మొదటి బోల్టు విప్పకముందే ఫొటోలు తీయాలి, కోసిన రేకు ముక్కల మీద తేదీ రాయాలి, మార్చిన ప్రతి భాగాన్నీ ఓ పుస్తకంలో ఎక్కించాలి. ఆ పుస్తకం కారులోనే ఉండాలి. ఈ కారు రేపు మళ్లీ చేతులు మారినా, ఏది అబింగ్డన్‌లో బిగించిందో, ఏది మనం బిగించిందో కొత్త యజమానికి తెలుస్తుంది.