నీరు తీసే వేళ

ఈ వారం మా ఎదురు ఫ్లాట్‌ కుర్ర దంపతులు అండమాన్ ప్రయాణం కాగితం పట్టుకుని వచ్చారు. ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. విమానం దిగిన పూటే సెల్యులార్ జైలు, నలభై నిమిషాలు. మర్నాడు స్వరాజ్ ద్వీప్‌లో రాధానగర్ బీచ్. ఆ తర్వాత షహీద్ ద్వీప్‌లో నేచురల్ బ్రిడ్జ్ అనే రాతి వంతెన, దాని ఎదురుగా ‘3.00 నుంచి 3.30’. “మీరు వెళ్లొచ్చారుగా అంకుల్, వీటిలో మీకు బాగా నచ్చింది ఏది?” అని అడిగింది ఆ అమ్మాయి. నాకేమో ఆ కాగితం చదువుతుంటేనే ఒళ్లు మండింది.

ఈ కాలమ్‌ను వదలకుండా చదివేవారికి కారణం తెలుసు. గంటల లెక్కన చేసే విహారాన్ని నేను ఏనాడూ మెచ్చుకోలేదు. అండమాన్ వెళ్లే తెలుగువాళ్లు ఒక్కసారైనా విశాఖ నుంచి ఓడలో వెళ్లాలని ఎన్నిసార్లు రాశానో! ఇక్కడ ఢిల్లీలో మా జనక్‌పురి వెస్ట్‌లో మెట్రో మెజెంటా లైను ఎక్కితే విమానాశ్రయం టెర్మినల్ 1లోనే దిగొచ్చు. ఇంత సులువైన దారి ఉండగా రెండు మూడు రోజులు నీళ్ల మీద ఎందుకని అడుగుతారు. ద్వీపం ఎంత దూరమో ఒంటికి తెలియడానికి. అది తెలిస్తేనే జైలు అక్కడెందుకు కట్టారో అర్థమవుతుంది. 1906లో పూర్తయిన ఆ కట్టడంలో 693 గదులు. ఒక ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనపడకుండా ఏడు బారులుగా కట్టారు, ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి గెలిచి, ఇదే ఢిల్లీలో తొలి లోక్‌సభలో కూర్చున్నారు. ఆ గోడల దగ్గర మనకు నలభై నిమిషాలు చాలతాయా?

సరే, ఆ అమ్మాయి అడిగింది నచ్చినదాని గురించి. నాకు నచ్చింది షహీద్ ద్వీప్‌లో ఒక తెల్లవారుజాము.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. పేరేదైనా, అక్కడి జంగ్లీఘాట్ చేపల రేవులో నిలబడితే వినిపించేది మన ఉత్తరాంధ్ర తెలుగే. ఆ దీవుల జనంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 13 శాతం. రేవులో పరిచయమైన ఒక పెద్దాయన మేం షహీద్ ద్వీప్ వెళ్తున్నామనగానే మా హోటల్ పేరు అడగలేదు, తిథి లెక్కపెట్టారు. “పున్నం ఎల్లిన రెండో నాటికి అక్కడుండండి బావూ. తెల్లారగట్ల నీరు బాగా తీసేస్తాది. మా అల్లుడు అక్కడే ఉన్నాడు, తీసుకెళ్తాడు” అన్నారు.

అల్లుడు ముందురోజు సాయంత్రమే వేళ చెప్పి వెళ్లాడు. అతని చేతికి వాచీ లేదు. చీకటితో బయల్దేరాం. రాత్రి అలలు కొట్టుకున్న చోట నీరు లేదు. కనుచూపు మేరా తడిరాళ్లు, మధ్యమధ్య మడుగులు. అతను నడిచిన చోటే నడవమన్నాడు, ఇసుక మీదా ఉత్త రాయి మీదా తప్ప కాలు పెట్టనివ్వలేదు. టార్చి వెలుగులో ఒక మడుగులో పెద్ద ఆల్చిప్ప కనపడింది. నోరు తెరుచుకుని ఉంది, పెదవులు నీలంగా, ఊదాగా ఉన్నాయి. మా నీడ పడగానే మూసుకుంది. ఖాళీ శంఖాల్లో కాపురముండే పీతలు గుంపులుగా పోతున్నాయి. రాయి అనుకున్నది కదిలి, రంగు మార్చుకుని, ఆక్టోపస్ అయి పక్క పగులులోకి జారిపోయింది. నేను ఊపిరి బిగబట్టి అక్కడే కూర్చుండిపోయాను.

కొంత దూరంలో బూడిదరంగు మోళ్లు చూపించి “ఇవన్నీ బతికున్నవే ఒకప్పుడు” అన్నాడు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దయెత్తున తెల్లబడి చచ్చిపోయాయి. పగడం రాయి కాదు, చిన్న చిన్న జీవులు కూడి కట్టుకున్న ఊరు. తొక్కితే ఏళ్ల తరబడి పెరిగింది ఒక్క అడుగుకు విరుగుతుంది. చచ్చిన ముక్కనైనా సంచిలో వేసుకోవడం వన్యప్రాణి చట్టం కింద నేరం. ఇది నేను మళ్లీ మళ్లీ రాస్తూనే ఉంటాను.

తూర్పు ఎర్రబడుతుండగా అతను హఠాత్తుగా “నీరు మళ్లింది, ఇంక పదండి” అన్నాడు. మా కళ్లకు ఏ తేడా కనపడలేదు. మేం ఒడ్డు చేరేసరికి మడుగులన్నీ కలిసిపోయి, నేను కూర్చున్న రాయి మునిగిపోయింది.

అంతగా నచ్చిన ఆ ఉదయం నిమిషాల లెక్కన నడిచింది. ఏ ప్యాకేజీవాడూ అంత ఖచ్చితంగా నడపలేడు. పోటు ప్రతిరోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ జరుగుతుంది. పున్నమికీ అమావాస్యకీ నీరు ఎక్కువ పైకి వస్తుంది, ఎక్కువ దూరం పోతుంది. సూర్యుడిదీ అక్కడ వేరే లెక్కే. మన గడియారాలన్నిటికీ ఆధారమైన రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది కాబట్టి సూర్యుడు నలభై నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే అస్తమయం. తీరిగ్గా టీ తాగి వెళ్దామనుకుంటే రాధానగర్‌లో చీకటే మిగులుతుంది.

అందుకే ఇన్నాళ్లుగా నేను తిట్టిన కాలపట్టిక పక్షాన ఈ వారం నిలబడుతున్నాను. ద్వీపానికి వెళ్లేవారికి కాలపట్టిక ఉండాల్సిందే, ఇంకా గట్టిది ఉండాలి. ‘3.00 నుంచి 3.30’ అన్నదాంట్లో లోపం ఆ అరగంట కాదు, ఏడాది పొడవునా అదే అరగంట కావడం. ఒకనాడు ఆ వేళకు రాతి వంతెన కింద దాకా నడిచిపోవచ్చు, ఇంకోనాడు దాని కాళ్లు నీళ్లలో ఉంటాయి. ఆ లెక్క రహస్యమేం కాదు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటు పట్టికలు అచ్చు వేస్తుంది. 2004 సునామీ తర్వాత దేశానికి సునామీ హెచ్చరికలు ఇస్తున్న ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది, పోటు అంచనాలు అక్కడి నుంచీ వస్తాయి. రెండూ దొరక్కపోతే గోడ మీది తెలుగు క్యాలెండరు చాలు.

వెళ్లబోయేవారు ముందు తిథి చూసి, తర్వాత టికెట్ కొనండి. పున్నమికో అమావాస్యకో అటూ ఇటూ రెండు రాత్రులు షహీద్ ద్వీప్‌కు కేటాయించండి. స్వరాజ్ ద్వీప్ తూర్పు ఒడ్డున విజయనగర్, గోవింద్‌నగర్ తీరాల్లో ఈత కొట్టాలంటే పోటు వేళే వెళ్లాలి, నీరు తీస్తే మోకాలి లోతు కోసం కూడా చాలా దూరం నడవాలి. రాధానగర్ పడమటి ఒడ్డు, దానికి అంత పట్టింపు లేదు. స్థానికుడు తోడు లేకుండా రాళ్ల మీదికి వెళ్లకండి. అతను వెనక్కి పదమంటే, ఎంత మంచి ఫోటో మధ్యలో ఉన్నా వచ్చేయండి. ఇక ఓడ సంగతంటారా, ఆ మాట మీద మాత్రం నేను కదలను.