భయానకమున స్త్రీ - కొల్లేటి పేరంటాలు మొదలు అరుంధతి వరకు

భయానకరసమునకు స్థాయి భయము. సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుడు స్త్రీలను, అధమపాత్రలను ఈ రసమునకు ఆశ్రయముగా జెప్పెను. అనగా భయపడువారు వారే. కాని నేటి భయానక చలనచిత్రములను, ‘ఆనిమే’ అను జపానుదేశపు చిత్రకథలను పరిశీలించినచో స్త్రీ ఆశ్రయస్థానమును వీడి ఆలంబనస్థానమున నిలిచినట్లు కానవచ్చును. వెనుక భయపడినది నేడు భయపెట్టుచున్నది. ఈ మార్పు వలన ఆమెకు న్యాయము చేకూరినదా యనునది విచారణీయాంశము.

ఇందులకు మన ప్రాంతపు ఐతిహ్యమొకటి ఆధారముగా గొనవచ్చును. గజపతుల కోట కొల్లేటికోటలో నుండెనట. శత్రువులు చిగురుకోట యొద్ద విడిసి, సరస్సులోని నీరు సముద్రమునకు పోవునట్లు ఉప్పుటేటి కాలువను త్రవ్వసాగిరట. అంతట గజపతుల సేనాని జయము గోరి తన కూతురినే బలి యిచ్చెనని జనశ్రుతి. ఆ కాలువకు ‘పేరంటాల కనుమ’ యను పేరు వచ్చుటకు ఇదియే కారణమందురు. పేరంటాలనగా పేరంటమునకు పిలువదగిన ముత్తైదువ. సహగమనము చేసియో, బలియైయో పూజలందు స్త్రీకిని ఈ పేరు చెల్లును. కాలువ పేరులో ఆ బాలిక వ్యక్తినామము లేదు. ఆమెకు లభించిన పదవి మాత్రమే కలదు. ఆమెను పూజ్యురాలిని జేయుటతో తండ్రిని ప్రశ్నించువారు లేకపోయిరి. ఇచట భయము భక్తిచే కప్పువడినది.

జపాను కథలలో ఈ కప్పు తొలగినది. 2005లో వెలువడిన ‘జిగోకు షోజో’ అను ఆనిమేలో ఎన్మా ఆయ్ అను బాలికను గ్రామస్థులు పర్వతదేవతకు బలిగా నిర్ణయింతురు. తుదకు సజీవముగా పూడ్చివేయుదురు. ఆమె మరణానంతరము గ్రామమును దహించి, పిదప ఇతరుల పగలను దీర్చు నరకకన్య యగును. 1998 నాటి ‘రింగు’ చిత్రమున సదాకో తండ్రిచేతనే నూతిలో త్రోయబడి, ప్రేతమై వెలికి వచ్చును. కొల్లేటి బాలికకును వీరికిని జరిగిన అపకారము ఒక్కటే. ఆమె పేరంటాలైనది, వీరు ప్రేతములైరి. పేరంటాలు మౌనము వహించును. ప్రేతము ఫిర్యాదు చేయును.

అయితే ప్రతి ప్రేతమునకును ఈ గౌరవము దక్కదు. 1993 నాటి మలయాళచిత్రము ‘మణిచిత్రత్తాళు’లో నాగవల్లి తంజావూరు నర్తకి, తమిళ వనిత. 2005లో ఆ కథ తమిళమున ‘చంద్రముఖి’గా మారినపుడు ఆమె తెలుగు మాటలాడు విజయనగరపు నర్తకి యైనది. ఈ రెండు చిత్రములలోను భయంకరి పొరుగు భాషదియే. ఇచట భయము స్త్రీకి జరిగిన అన్యాయమునుండి మాత్రమే కాక, పరత్వమునుండియు పుట్టుచున్నది.

పాలకొల్లులో జన్మించిన కోడి రామకృష్ణ దర్శకత్వమున 2009లో వచ్చిన ‘అరుంధతి’ ఈ రెండు మార్గములకును భిన్నమైనది. ఇందు ప్రేతము పురుషుడు, పశుపతి. గద్వాల సంస్థానపు జేజమ్మ వానిని సజీవసమాధి చేయించును. మరల వానిని సంహరింపవలసి వచ్చునని యెరిగి, తన యెముకలు ఆయుధమగునట్లు దేహత్యాగము చేయును. ఇది దధీచి వృత్తాంతమునకు స్త్రీరూపము. కావున ఇందలి నాయిక భయమునకు ఆశ్రయమును గాదు, ఆలంబనమును గాదు, ఉత్సాహమునకు ఆశ్రయము. భయానకకథలో వీరరసము అంగియైనది.

ఐనను ఒక సందేహము మిగులును. జయించుటకై స్త్రీ మరల మరణింపవలసియే వచ్చినది. కొల్లేటి బాలికను తండ్రి ఇచ్చెను; జేజమ్మ తన్ను తానే ఇచ్చుకొనెను. పెనుగొండ వాసవీకన్యక అగ్నిప్రవేశమును స్వసంకల్పమే. ఈయబడుటకును, ఇచ్చుకొనుటకును గల అంతరము అల్పము గాదు. కాని దేహము వెచ్చింపబడుట మూడింటను సమానము.

కనుక భయానకమున స్త్రీ ఉగ్రముగా చిత్రింపబడినదా, సౌమ్యముగా చిత్రింపబడినదా యను ప్రశ్న చాలదు. ఆ భయము ఎవరి దోషమును పలుకుచున్నది, ఎవరి దోషమును దాచుచున్నది యని అడుగవలెను. కొల్లేటి లంకలలోను, ఏలూరు, తాడేపల్లిగూడెము పరిసరగ్రామములలోను పేరంటాండ్ర కథలను సేకరించు విద్యార్థులు, అమ్మవారి మహిమలతోపాటు, ఆమెను బలి యిచ్చినవారెవరో కూడ వ్రాసికొనుట యుక్తము. అది లేని కథాసేకరణము సగము కథయే యగును.