గోరీల మీద రాయనిది

కలకత్తా సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానం 1767లో మొదలైంది. అక్కడి చరిత్ర కాపాడాలనే పెద్దలు ముందుగా చూపించేది పేర్లే: 1794లో చనిపోయిన విలియం జోన్స్, 1831లో పోయిన డిరోజియో. హిందూ గుడి నమూనాలో కట్టిన చార్లెస్ స్టూవర్ట్ గోరీ దగ్గర ఇంకాసేపు నిలబడతారు. (చచ్చిన దొరకు గుడే దొరికింది, బతికున్న మనోళ్లకు గుడి గడప దొరకలేదు.)

ఆ రాళ్లు పాడుకావద్దనే మేమూ అంటాం. అయితే రాళ్లమీది అక్షరాలు ఎక్కించుకుంటే స్థానిక చరిత్ర అయిపోయినట్టేనా? రాయి పెట్టించే స్తోమత ఉన్నోడి చరిత్రే అందులో ఉంటుంది. మన ఊళ్లలో చావు కబురు మోసిందీ, డప్పు కొట్టిందీ, బొంద తవ్విందీ మాల మాదిగలే. వాళ్ల పేర్లు ఏ రాతిమీద వెతకాలి?

తిరుచిరాపల్లి మేలపుదూర్ క్రైస్తవ శ్మశానం చూడండి. దళితుల సమాధులకూ పైకులాల సమాధులకూ నడుమ గోడ కట్టారు. ఒకటే సిలువ, మట్టిలోకి పోయినాక కూడా అంటు! సమాధి ఫలకాలన్నీ చదివినా తెలియని సంగతి ఆ గోడ చెప్పేస్తుంది. వారసత్వ జాబితాలు రాసేవాళ్లకు గోరీ కనిపించినట్టు గోడ కనిపించదు.

అట్లాంటి గోడలు కూలాల్సిందే. కూల్చేముందు కొలతలు తీయాలి, ఫొటోలు తీయాలి, ఏ పక్క ఎవరిని పాతిపెట్టారో ఆ కుటుంబాల ముసలోళ్లనూ, బొందలు తవ్వినోళ్లనూ అడిగి రాసుకోవాలి.