మౌనం అంగీకారం కాదు

2019లో చేరిన ఎంబీబీఎస్ విద్యార్థుల నుంచి మన దేశ వైద్యవిద్యలో ఒక కొత్త పాఠం మొదలైంది. దాని పేరు ఎట్‌కామ్. వైఖరి, వైద్యనీతి, సంభాషణ అందులోని విషయాలు. భారత వైద్య మండలి 2018లో 27 భాగాలతో దీనికి పుస్తకం వేసింది. రోగితో మాట్లాడటం కూడా నేర్చుకోవలసిన చదువేనని ఒప్పుకోవడం మంచి విషయం. ఆ మంచిని కాదనకుండానే, ఆదివాసుల వైపు నుంచి ఈ చదువును పరిశీలించాలనుకున్నాం.

చెడు కబురు చెప్పడానికి చాలా చోట్ల నేర్పేది 'స్పైక్స్' పద్ధతి. అమెరికా, కెనడా వైద్యులు క్యాన్సర్ రోగులను దృష్టిలో పెట్టుకొని 2000లో దాన్ని ప్రచురించారు. అందులో ఆరు మెట్లున్నాయి. తగిన చోటు చూసుకోవాలి. రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగాలి. ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో అడగాలి. తర్వాత విషయం చెప్పాలి. వాళ్ల బాధను గుర్తించాలి. ఇకపై ఏం చేయాలో కలిసి అనుకోవాలి.

మెట్లు మంచివే. కానీ డాక్టరుకూ రోగికీ ఒకే భాష ఉంటుందనీ, రోగి జంకు లేకుండా అడుగుతాడనీ నమ్మి కట్టిన నిచ్చెన ఇది. మన ఏజెన్సీ ఆస్పత్రుల్లో మొదటి మెట్టు దగ్గరే కాలు జారుతుంది.

సికిల్ సెల్ సంగతే చూద్దాం. మన దేశంలో ఈ జబ్బును మొదట 1952లో నీలగిరి ఆదివాసుల్లో గుర్తించారు. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం వల్ల ఇప్పుడు మన గూడేల్లోనూ పరీక్షలు జరుగుతున్నాయి. పరీక్ష చేయడం తేలిక. ఫలితం చెప్పడమే కష్టం. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఈ మాట పెళ్లి కావలసిన పిల్లకు ఎలా చెప్పాలి? వాహకురాలంటే రోగి కాదని ఆమె అత్తవారికి ఎవరు చెప్పాలి?

మేం చూసిన ఒక ఆస్పత్రిలో హౌస్ సర్జన్ ఈ విషయాన్ని వరండాలో, వరుసలో నిలబడ్డ అందరి ముందూ చెప్పాడు. తల్లికి తెలుగు సరిగా రాదు. ఆశ్రమ పాఠశాలలో చదువుకునే కొడుకే మాట మార్చి చెప్పాడు. తన జబ్బు గురించి తానే తల్లికి చెప్పవలసి వచ్చింది ఆ పిల్లవాడికి. "అర్థమైందా?" అని డాక్టరు అడిగాడు. తల్లి మాట్లాడలేదు. ఆయన చీటీ రాసిచ్చి పంపేశాడు.

మౌనం అర్ధాంగీకారమని తెలుగులో సామెత. ఆస్పత్రిలో ఆ సామెత పనికిరాదు. మనవాళ్ల మౌనం భయం కావచ్చు, ఇంటికెళ్లి పెద్దలను అడిగి చెబుదామనే మర్యాద కావచ్చు, అసలేమీ అర్థం కాకపోవడమూ కావచ్చు. తరగతిలో తోటి విద్యార్థే రోగి వేషం వేసి, చక్కటి తెలుగులో ప్రశ్నలడుగుతుంటే, ఈ మౌనాన్ని చదవడం ఎప్పుడు నేర్చుకుంటారు? పునాది శిక్షణలో స్థానిక భాష నేర్పాలన్న నియమం ఉంది. మా ప్రశ్న ఒక్కటే: ఎవరి స్థానిక భాష? కువి, కోయ, గోండి, సవర, కొలామీ అందులో ఉన్నాయా?

ఇంకో మాట. ముసలి తాతను "ఏరా" అని పిలిచే డాక్టరుకు ఆరు మెట్లు నేర్పినా లాభం లేదు. "మీ జాతి జబ్బు" అనడం కూడా అలాంటిదే. వాహకులకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ఉన్న చోట్ల ఆ జన్యువు నిలబడటానికి కారణం అదే. అది ఎవరి తప్పూ కాదు. ఈ ఒక్క మాట ముందు చెబితే సగం సిగ్గు తొలగిపోతుంది.

మెడిసిన్ చదువుతున్న మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వార్డులో మీరు వినే మౌనాలను తరగతికి తీసుకువెళ్లండి. రోగి వేషం మీరే వేయండి, మీ భాషలోనే మాట్లాడండి. ఉపాధ్యాయులారా, వాహకుడు అనే మాటను మన భాషల్లో ఎలా చెప్పాలో ఊరి పెద్దలతో, ఆశా కార్యకర్తలతో కూర్చొని తేల్చండి. ఆ మాట దొరికేదాకా, పిల్లల చేత తల్లులకు చెడు కబురు చెప్పించకూడదని మాత్రం ఇవాళే అడగగలం.