మల్లెలోని అల్లరి

ఎండాకాలం సాయంత్రాలు సిద్దిపేటలో మల్లెపూలు మూరల లెక్కన అమ్ముతారు. అదే మల్లెను తులం లెక్కన, మంచి రకం కొనాలనుకునేవాళ్లు రాజీవ్ రహదారి పట్టి 100 కిలోమీటర్ల దూరంలోని చార్మినార్ అత్తరు దుకాణాల దాకా పోతారు. అక్కడ దాని పేరు మోతియా. చలికి శమామా, హీనా లాంటి వేడి అత్తర్లు. ఎండలకు ఖస్, మోతియా. ఖస్ అంటే మన వట్టివేళ్లే, చల్లగా పెద్దరికంగా ఉంటుంది. చిలిపిది మోతియా.

గాజు పుల్లతో మణికట్టు మీద ఒక్క చుక్క రాస్తే ముందు పండు వాసన తగులుతుంది, పిల్లలు చప్పరించే ద్రాక్ష చాక్లెట్ వాసన. మల్లెలో సహజంగానే ఉండే మిథైల్ ఆంత్రనిలేట్ చేసే గారడీ ఇది; ఆ చాక్లెట్లలో ద్రాక్ష రుచికి కలిపేదీ అదే పదార్థం. కాసేపటికి తీపి వెనక్కి తగ్గి లేత ఆకు నలిపినట్టు పచ్చివాసన వస్తుంది. ఆ తర్వాత వచ్చేది ఇండోల్. మోతాదు మించితే మురుగు కంపు కొట్టే సరుకు. మలంలోనూ ఉంటుంది మరి! ఇసుమంత ఉంటే మాత్రం పువ్వుకు ప్రాణం వస్తుంది. నన్నడిగితే మోతియా సొగసంతా ఈ కాస్త మురికిలోనే ఉంది. అది లేని తీపి నిమిషంలో మొహం మొత్తుతుంది.

ఈ మూడింటినీ చెడగొట్టకుండా సీసాలోకి దించడమే పనితనం. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ దీనికి పేరుమోసిన ఊరు. అక్కడి అత్తరుకు 2014లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దేగ్ అనే పెద్ద రాగి పాత్రలో నీళ్లు, పూలు పోసి, మూత చుట్టూ పత్తి కలిపిన మట్టి మెత్తుతారు. దానికి తాడు చుట్టిన వెదురు గొట్టం బిగిస్తారు. గొట్టం రెండో కొస నీళ్ల తొట్టిలో మునిగి ఉన్న భప్కా అనే రాగి కుండలోకి పోతుంది. భప్కాలో ముందే గంధం నూనె ఉంటుంది. పూల ఆవిరి అక్కడ చల్లబడి ఆ నూనెలో కలుస్తుంది.

థర్మామీటరు లేదు, గడియారంతో పనిలేదు. కట్టెలు, పిడకల మంటను కళ్లతో చూసుకుంటూ, నీళ్లలో చెయ్యి పెట్టి భప్కా పొట్టను తడిమి ఎంత ఆవిరి దిగిందో పనివాడు చెప్పేస్తాడు. మంట ఎక్కువైతే పువ్వు ఉడికిపోయి, తీపి పోయి కూర వాసన మిగులుతుంది. ఆపాలనుకున్నప్పుడు దేగ్‌ను తడిగుడ్డతో తుడుస్తాడు, ఆవిరి అణిగిపోతుంది. తెల్లారాక భప్కా అడుగున పేరుకున్న నీటిని వంపి, కొత్త పూలతో పాటు దాన్ని మళ్లీ దేగ్‌లోనే పోస్తారు. గంధం నూనె చాలనేదాకా ఇలా రోజుల తరబడి సాగుతుంది. చివర్న తోలు కుప్పెలో పోసి ఉంచితే మిగిలిన తేమ తోలు గుండా ఆవిరైపోతుంది, నూనె నిలుస్తుంది.

గంధం ధర చుక్కలనంటాక చాలామంది పారాఫిన్ నూనెలో కృత్రిమ వాసన కలిపి మోతియా అని అమ్ముతున్నారు. దాన్ని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. రాసుకున్నప్పటి వాసనే గంట తర్వాతా అలాగే, అంతే తియ్యగా ఉంటే అందులో అల్లరి లేనట్టే. అసలుదైతే ఆపాటికి రెండు మూడు వేషాలు మార్చి, అడుగున గంధం వాసనతో స్థిమితపడుతుంది.

మే నెలలో 40 డిగ్రీలు దాటే మా వైపు ఎండలకు ఈ అత్తరు బాగా సరిపోతుంది. స్పిరిట్ కలవదు కాబట్టి రాసుకోగానే ఎగిరిపోదు, ఒంటి వేడికి నెమ్మదిగా విచ్చుకుంటుంది. పక్కన కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది తప్ప బస్సంతా కమ్మేయదు. చెవి మడతలో అత్తరు దూది పెట్టుకునే పెద్దవాళ్ల పద్ధతి దీనికి బాగా నప్పుతుంది. తెల్లచొక్కా మీద మాత్రం రాసుకోకండి, నూనె మరక ఓ పట్టాన పోదు.